అక్క చెప్పేదాకా చాయ్ తేవద్దు

చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయింది. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది. అవతల సుగుణక్క ఏడుస్తోంది.

"నీకింక తెల్వదానే? మీ ఇలాచీ సాబ్ పోయిండంట. వాళ్ల గల్లీ ఆమె ఇప్పుడే పాలకు వచ్చి చెప్పింది. పొద్దుగాల నమాజ్‌కు లేసిండంట, గట్లనే గోడకు ఒరిగిండంట."

నేను అక్కకు ఫోన్ చేసింది వేరే మాట అడగడానికి. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. అదేం మాటో చెప్పాలంటే ముందు సాబ్ గురించి చెప్పాలి.

నేను ఐదో తరగతి దాకా చదువుకున్నాను. ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు.  తప్పులు నా బిడ్డ దిద్దుతానంది. "ఆయన ఎక్కడ పుట్టిండు, ఏం చదివిండు, అది రాయి అమ్మా" అంది. అవి నాకు తెలియవు. నాకు తెలిసినవి ఆయన చేతులు, ఆయన మాటలు. పేరు రాయను. తన పేరు పెద్దగా కనబడటం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఉప్పుగూడ స్టేషన్ దాటి సందులోకి వస్తే మా ఆఫీసు. పాల కంపెనీ ఆఫీసు. పాలు ఇక్కడికి రావు, ఆర్డర్లే వస్తాయి. నేను ఇక్కడ చాయ్ పెడతాను, ఊడుస్తాను, గ్లాసులు కడుగుతాను. సుగుణక్కది స్టేషన్ రోడ్డు మీద పాల బూత్. అక్కలాంటి బూత్‌ల వాళ్ళంతా మధ్యాహ్నం కాగానే రేపటికి ఎన్ని పాలు కావాలో ఫోన్‌లో కొడతారు. ఆ ఆర్డర్లు పోయి ఊరికి ఆ చివర, ఏదో అద్దె బిల్డింగులో ఉన్న మా కంప్యూటర్లో పడతాయి. దాన్ని సర్వర్ అంటారు. ఆ సర్వర్‌ను ఇక్కడ కూర్చుని చూసుకునే మనిషి సాబ్.

లాడ్ బజార్ వెనక గల్లీల్లోంచి స్కూటర్ మీద వచ్చేవారు. వాళ్ళింట్లో లక్క గాజులు చేస్తారు. చిన్నప్పుడు వేడి లక్క పట్టుకున్న మచ్చలు ఆయన వేళ్ళ మీద ఉండేవి. వచ్చి రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు. తెల్ల చేతిరుమాలుతో వేలు వేలూ తుడుచుకునేవారు. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు తిప్పుకునేవారు. రాయి ఉంగరం తీసి సొరుగులో పెట్టేవారు. అప్పుడు కూర్చునేవారు. అన్నానికి కూర్చున్నట్టు ఉండేది.

నేను పనిలో చేరిన కొత్తలో ఆయన గది ఊడుస్తూ ఆయన తెర వైపు చూశాను. మిగతా వాళ్ళ కంప్యూటర్లలో రంగులు, బొమ్మలు, బటన్లు. ఈయనది మొత్తం నలుపు. దాని మీద తెల్ల అక్షరాలు చీమల్లాగా.

"సాబ్, మీ టీవీ కరాబైంది" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "కరాబ్ కాలె అమ్మా. గిది గిట్లనే ఉంటది."

"మరి బొమ్మలేవీ?"

"బొమ్మ నొక్కితె అది లోపల ఏం చేసిందో నాకు చెప్పది. మాట రాస్తె నేనేం చెప్పిన్నో నాకు యాదుంటది. మళ్ల చదువుకోవచ్చు, మళ్ల అదే చెప్పొచ్చు."

అంటే ఆయన ఆ సర్వర్‌తో మాట్లాడేది రాసి. మనం చిట్టీ పంపినట్టు. ఇక్కడ రాసి నొక్కితే అక్కడ జరుగుతుంది. దాని లోపల నౌకర్లు ఉంటారని చెప్పేవారు. ఒకడు ఆర్డర్లు తీసుకుంటాడు, ఒకడు కూడతాడు, ఒకడు వ్యాన్లకు చీటీలు పంపుతాడు. వాళ్ళను సర్వీసులు అంటారట. ఒక్కొక్కడికీ ఒక కాయిదా ఉంటుంది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని వద్దనాలి, ఒకేసారి ఎంతమంది రావచ్చు, నౌకర్ పడిపోతే ఎవరు లేపాలి. మేనేజర్లు దాన్ని పాలసీ అనేవాళ్ళు. సాబ్ కాయిదా అనేవారు.

రాసిన వెంటనే ఎప్పుడూ నొక్కేవారు కాదు. తెర మీద ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, పెదవులతో చదివేవారు. "బూత్‌లోళ్లు రావొచ్చు... వ్యాన్లోళ్లు రావొచ్చు... బయటోళ్లు రావొద్దు..." చదవడం అయ్యాక చేతులు ఎత్తేసి కాసేపు ఊరికే కూర్చునేవారు. తర్వాత "బిస్మిల్లా" అని, పసిపిల్ల చేతికి గాజు ఎక్కించినట్టు, మెల్లగా బొటనవేలితో నొక్కేవారు. ఎవరైనా వెనక నిలబడి తొందర పెడితే తల తిప్పకుండానే, "జల్దీ నక్కో" అనేవారు. తొందర వద్దు అని. రోజుకు ఎన్నిసార్లు అనేవారో. స్టవ్ మీద చాయ్ పెట్టి నేనే గిన్నె కదిపితే, నాకూ అదే మాట. "జల్దీ నక్కో అమ్మా, ఉడకనియ్యి."

ఒకరోజు నేను ఏడ్చిన ముఖంతో వచ్చాను. మా ఇంటాయన గోడలకు రంగులు వేస్తాడు. అప్పట్లో ఒక పని పట్టుకుంటే నాలుగు రోజులకే వదిలేసి వచ్చి ఇంట్లో కూర్చునేవాడు. నేను లొల్లి పెట్టి, బతిమాలి ఇంకో మేస్త్రీ దగ్గరికి పంపితే మళ్ళీ అంతే. సాబ్ ఏమైందని అడిగారు. చెప్పాను.

ఆయన తెర చూపించారు. "గీ నౌకర్‌గాడు పడిపోయిండనుకో, సర్వర్ వాన్ని లేపుతది. మళ్ల పడిండు, మళ్ల లేపుతది. ఊకె ఊకె పడుతుంటే, నేను కాయిదా రాసి పెట్టిన, ఇగ లేపకు, పండనియ్యి, నన్ను పిలువు అని."

"పిలిస్తె మీరేం చేస్తరు?"

"ఎందుకు పడుతుండో చూస్త. లేపుడైతె మిషిన్‌కు కూడ వస్తది." తెర మీంచి నా వైపు తిరిగి, "నువ్వు ఆయన్ని అడిగినవా ఎందుకు పడుతుండని?" అన్నారు.

నేను అడగలేదు. ఆ సాయంత్రం మా ఇంటాయన్ని అడిగాను.  బిల్డింగు మీంచి తాళ్ళకు వేలాడే జూలా ఎక్కగానే చేతులు వణుకుతున్నాయని, తాడు మీద చూపు నిలవడం లేదని, ఎవరికీ చెప్పుకోలేకపోయానని అన్నాడు. అప్పటి నుంచి ఇంటి లోపలి గోడల పనే చేస్తున్నాడు. పని దినాలు తక్కువ. కానీ మనిషి పోయి వస్తున్నాడు. ఇంటి కిరాయి, బిడ్డ కాలేజీ మాత్రం నా జీతం మీద పడ్డాయి.

ఇక ఇలాచీ సంగతి.

సాబ్ చొక్కా జేబులో ఎప్పుడూ ఇలాచీలు ఉండేవి. మామూలు రోజు చాయ్ అందరితోపాటే. కానీ ఏదైనా కాయిదా మార్చే రోజు ఆయన లేచి నా వంటగది దాకా వచ్చి, స్టవ్ పక్క గట్టు మీద ఒక్క ఇలాచీ పెట్టి పోయేవారు. అది పెట్టారంటే నాకు తెలిసిపోయేది. నేను కొత్తగా చాయ్ ఎక్కించాలి. అది మరుగుతుండగా సుగుణక్కకు ఫోన్ చేయాలి. "అక్కా, తెరుచుకుంటుందా?" అని అడగాలి. అక్క తన ఫోన్‌లో ఆర్డర్ తెరిచి చూసి, "ఆ, తెరుచుకుంది" అంటేనే నేను ఇలాచీ చాయ్ తీసుకుపోయి ఆయన పక్కన పెట్టాలి. అనకపోతే పెట్టకూడదు. "అక్క చెప్పేదాక చాయ్ తేవద్దు" అని ఆయన నాకు పెట్టిన కాయిదా.

ఎందుకో ఆయనే చెప్పారు. వెనక ఎక్కడో పనిచేసినప్పుడు ఇట్లాగే కాయిదా మార్చి నొక్కారట. అన్నీ బాగున్నట్టే కనిపించాయట. తెర మూసి ఇంటికి పోయారట. "కొత్త కాయిదా లోపల ఉన్నోన్ని బయటికి తోలది అమ్మా. బయటికి వచ్చినోన్ని మళ్ల లోపలికి రానియ్యది. నేను లోపల్నే కూసున్న కద, నాకెట్ల ఎరుక తలుపు పడ్డదని? మూసి లేసినంక తెలిసింది. అందర్ని బయట పెట్టిన. నన్ను గూడ."

అప్పటి నుంచి ఆయన పద్ధతి మారింది. కొత్తది రాసే ముందే, పాతది దానంతట అదే వాపస్ రావాలని సర్వర్‌కు రాసి పెట్టేవారు. ఒక చాయ్ మరిగేంత సేపు గడువు. ఈలోపు బయట ఉన్న మనిషి చూసి బాగుందంటే, వాపస్ మాట రద్దు చేసి తెర మూసేవారు. ఎవరూ ఏమీ అనకపోతే గడువు అయిపోయి పాతదే వచ్చేస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ బయట మనిషి సుగుణక్క. ఆ మాట మోసుకుపోయేదాన్ని నేను. నోటితో చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పేవారు కాదు. ఇలాచీ వాసన తగలగానే వేళ్ళు కదిలేవి.

ఆ చాయ్ ఆయన సగమే తాగేవారు. రంజాన్ నెలలో అదీ లేదు. పగలంతా నీళ్ళు కూడా ముట్టని రోజా ఉండి కూడా ఇలాచీ తెచ్చి గట్టు మీద పెట్టేవారు. నేను చాయ్ తీసుకుపోతే రద్దు మాట రాసి, తెర మూసి, గ్లాసు వాచ్‌మన్ చేతిలో పెట్టేవారు. వాచ్‌మన్ నవ్వేవాడు. "సాబ్ రోజా ఉంటడు, సవాబు నాకొస్తది." సవాబు అంటే పుణ్యం.

అట్లా నడుస్తుండగా కొత్త మేనేజర్ సార్ వచ్చారు. చెడ్డవాడు కాదు. అన్నీ తొందరగా కావాలి ఆయనకు. రంజాన్ చివరి వారంలో ఒక పెద్ద డబ్బా దింపించారు. చాయ్ మిషిన్. బటన్ నొక్కితే కాగితం కప్పులో చాయ్ పడుతుంది. అందరూ చుట్టూ చేరి నొక్కి చూశారు. నేనూ నొక్కాను.

మేనేజర్ సార్ నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, పండుగ అయినంక నువ్వు రానవసరం లేదు. ఈ నెల జీతం పూర్తిగ ఇస్తం, ఫికర్ చెయ్యకు."

"మరి ఊడ్చుడు సార్?"

"దానికి ఏజెన్సీ వాళ్లొస్తరు."

ఇంట్లో ఎట్లా చెప్పాలో తెలియలేదు. సాబ్‌కు చెప్పాను. ఆయన ఉంగరం తీసి చేతిలో తిప్పుతూ విన్నారు.

"మిషిన్ల చాయ్ ఎంతసేపట్ల వస్తది?"

"గిట్ల నొక్కంగనే సాబ్."

"జల్దీ వస్తది" అన్నారు. ఏదో రోగం పేరు చెప్పినట్టు అన్నారు. తర్వాత నడవలో మేనేజర్ సార్ కనిపిస్తే అడిగారు. "దాంట్ల ఇలాచీ ఎట్ల వేస్తరు సార్?"

"వెయ్యనే అవసరం లేదు సాబ్. ఇలాచీ ఫ్లేవర్ బటన్ ఉంది!"

సాబ్ తల ఊపి వెళ్ళిపోయారు. నా కోసం ఇంకేం మాట్లాడలేదు. నాకు మనసు చిన్నబోయింది.

ఆ రోజు ముప్ఫయ్యో రోజా. తెల్లారితే పండుగ. పాతబస్తీలో ఆ ఒక్కరోజు పాలు ఎన్ని వచ్చినా చాలవు. ఇంటింటికీ షీర్ ఖుర్మా, పాలలో వండే సేమియా. ఆ మధ్యాహ్నం బూత్‌ల వాళ్ళంతా ఒక్కసారే ఆర్డర్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒకేసారి ఇంతమందే రావాలని ఉన్న కాయిదా సరిపోలేదు. దాన్ని పెంచాలి, తలుపు కాయిదా కూడా మార్చాలి. సాబ్ వంటగదికి వచ్చి గట్టు మీద ఇలాచీ పెట్టారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను చాయ్ ఎక్కించాను. నేను పెట్టే చివరి ఇలాచీ చాయ్ అదేనేమో అనుకున్నాను. అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, తెరుచుకుంటుందా?"

"ఆగు, చూస్తున్న. మస్తు గిరాకీ ఉందే ఈడ... చక్రం తిరుగుతుంది. ఇంక తిరుగుతుంది. లేదే, తెరుచుకుంటలేదు."

"తెరుచుకుంటలేదా?"

"లేదంటున్న కద!"

స్టవ్ తగ్గించి, ఆ మాట చెబుదామని నడవలోకి వచ్చాను. అప్పటికే మేనేజర్ సార్ సాబ్ గదిలో ఉన్నారు. పాపం, రోజా సంగతి ఆయనకు తెలియదు, సాబ్ పొద్దుటి నుంచి అట్లాగే కూర్చున్నారని మిషిన్ చాయ్ తెచ్చి ఆయన పక్కన పెట్టారు. ఇలాచీ ఫ్లేవర్. సాబ్ కళ్ళు తెర మీదే ఉన్నాయి. వెనక ఎవరున్నారో చూడలేదు. పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి ఆ వాసన తగిలింది. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. వాపస్ మాట రద్దు చేశారు. తెర మూశారు. గ్లాసు వాచ్‌మన్‌కు ఇద్దామని చెయ్యి చాచారు. చేతికి కాగితం కప్పు తగిలింది.

కప్పు వైపు చూశారు. గడపలో ఖాళీ చేతులతో నిలబడ్డ నన్ను చూశారు.

"అక్క ఏమన్నది?"

"తెరుచుకుంటలేదట సాబ్."

మళ్ళీ లోపలికి పోవాలని చూశారు. సర్వర్ రానివ్వలేదు. మళ్ళీ చూశారు. ఆఫీసులో ఫోన్లు ఒకటొకటిగా మోగడం మొదలైంది. ధూల్‌పేట్ బూత్ నుంచి ఒకాయన కేకలు నాకు వినబడ్డాయి. "రేపు పండుగ పెట్టుకోని ఏం తమాషా ఇది భాయ్?"

మేనేజర్ సార్ ముఖం తెల్లబడింది. "ఏమైంది సాబ్?"

"తలుపేసి తాళంచెయ్యి లోపల పెట్టిన" అన్నారు సాబ్. ఉంగరం కూడా పెట్టుకోలేదు. రుమాలు మెడకు చుట్టుకుని స్కూటర్ దగ్గరికి పోయారు. "అమ్మా, అక్కకు చెప్పు, మగ్రిబ్ లోపల అయితదని." మగ్రిబ్ అంటే సాయంత్రం నమాజ్, రోజా విడిచే వేళ.

ఎండలో, రోజాలో, పండుగ ముందు రోజు ఆ ట్రాఫిక్‌లో ఊరికి ఆ చివరికి పోయారు. సర్వర్ ముందే కూర్చుంటే అది ఎవరినీ ఆపదట. మేమందరం ఫోన్లు ఎత్తి "అయితది, అయితది" అంటూ గడిపాము. సాయంత్రం అజాన్ వినబడుతుండగా నా ఫోన్ మోగింది.

"అమ్మా, అక్కను అడుగు."

ఆయన ఫోన్ అట్లాగే ఉంచి వాచ్‌మన్ ఫోన్ లాక్కుని అక్కకు కొట్టాను. "అక్కా, తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంది! తెరుచుకుందే!"

ఆ మాట చెప్పాను. అవతల ఆయన నీళ్ళు తాగుతున్న చప్పుడు వినబడింది. అప్పటిదాకా రోజా విడవకుండా ఉన్నారు. ఆర్డర్లన్నీ ఎక్కాయి. పొద్దున పాలు అందాయి.

పండుగ అయ్యాక పెద్ద సేఠ్ వచ్చారు. అందరినీ కూర్చోబెట్టారు. నేను నీళ్ళ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నా పనికి అదే చివరి రోజు.

"ఏం జరిగింది? ఎవరి తప్పు?" అన్నారు సేఠ్.

అందరూ మూలన ఉన్న మిషిన్ వైపు చూశారు. మేనేజర్ సార్ తల దించుకున్నారు. ఒక్క మాట చాలు. మిషిన్ వల్ల అయింది అంటే చాలు. మిషిన్ పోతుంది, నా పని నిలబడుతుంది. సాబ్ ఆ మాట అంటారని నేను ఆయన వైపే చూస్తున్నాను.

"తప్పు నాది సేఠ్" అన్నారు సాబ్. "మిషిన్‌ది కాదు, మేనేజర్ సార్‌ది కాదు. అడగకుండ రద్దు చేసిన. నా చెయ్యే చేసింది."

 అయిపోయింది అనుకున్నాను. ఎంత నిజం చెప్పే మనిషైతే మాత్రం!

"మళ్ల గిట్ల కావొద్దంటె ఏం చెయ్యాలె?" అన్నారు సేఠ్.

"కాయిదా రాయాలె. నేను నొక్కినంక, బయట మనిషి చూసి ఐంది అన్నదని ఇంకొకలు వచ్చి నాకు చెప్పాలె. చెప్పేదాక నేను రద్దు చెయ్యొద్దు. నా మీద నాకే కాయిదా."

"ఆ ఇంకొకలు ఎవరు?"

"ఉన్నది కద. రోజూ చేస్తున్నది." సాబ్ నా వైపు చెయ్యి చూపించారు.

మేనేజర్ సార్ తల ఎత్తారు. "సాబ్, ఆమె చాయ్ పెట్టే ఆమె..."

"చాయ్ నేను తాగుతున్ననా సార్? నెలంత రోజా ఉన్న. ఒక్కనాడన్న చాయ్ బంద్ చేసిన్ననా?"

 గుమ్మంలోంచి వాచ్‌మన్, "నేను తాగిన సేఠ్" అన్నాడు. సేఠ్‌కు నవ్వు వచ్చింది. చివరికి అందరూ నవ్వారు. నవ్వు ఆగాక సేఠ్ నన్ను అడిగారు.

"నువ్వేం చేస్తవమ్మా?"

"అక్కను అడుగుత సార్. తెరుచుకుందంటె చాయ్ తెస్త. లేదంటె తేను."

"గంతేనా?"

"గంతే సార్."

సేఠ్ సాబ్ వైపు చూశారు. సాబ్, "గంతే సేఠ్. నాతోని గది కాలె" అన్నారు.

నా పని నిలబడింది. అందరూ లేచాక నేను మిషిన్‌ను తుడుస్తూ కోపమంతా దాని మీద చూపిస్తుంటే సాబ్ గుమ్మంలో నిలబడి, "దాన్నేం అనకు, గరీబ్ మిషిన్" అన్నారు. మిషిన్ ఇప్పుడు అదే మూలన ఉంది. దాని మీద నా చక్కెర డబ్బా, చాయ్‌పత్తి డబ్బా ఉంటాయి.

తర్వాత ఆయన కళ్ళకు పొర వచ్చింది. చుక్కకూ కామాకూ తేడా తెలియడం లేదని ఆయనే పని మానేశారు. ఆయన చోటికి ఒక అమ్మాయి వచ్చింది. నేను పాప అని పిలుస్తాను. సాబ్ చివరి రోజు కూడా వంటగదికి వచ్చి గట్టు మీద ఇలాచీ పెట్టారు.

"ఈ రోజు ఏం మారుస్తున్నరు సాబ్?"

"మనిషిని."

లోపలికి రావచ్చు అన్న వాళ్ళలో పాప పేరు రాశారు. తన పేరు తానే తీసేశారు. వేలు పెట్టి పాపతో చదివించారు. నేను అక్కకు ఫోన్ చేసి, తెరుచుకుంది అన్నాక చాయ్ తీసుకుపోయాను. రద్దు మాట పాప రాసింది. ఆ రోజు సాబ్ గ్లాసు ఖాళీ చేశారు. నేను చూడటం అదే మొదటిసారి.

అక్క ఆ కబురు చెప్పిన రోజు సాయంత్రం వాళ్ళింటికి పోయాను. సాబ్ భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా చాయ్ అమ్మ? ఇంట్ల బల్బు మార్చాలన్న పాతది నా చేతిల పెట్టేటోళ్లు. కొత్తది ఎలిగేదాక పడేయకు, పట్టుకో అనేటోళ్లు. కుర్సీ మీద నిలవడి, జల్దీ నక్కో, జల్దీ నక్కో అని నాకే చెప్పేటోళ్లు." అంటూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మొదట్లో చాయ్ సంగతి సగంలో వదిలేశాను. అదీ చెప్పి ఆపేస్తాను.

ఆ మధ్యాహ్నం పాప గట్టు మీద ఇలాచీ పెట్టి పోయి, కొత్త కాయిదా రాసి నొక్కింది. నేను అక్కకు ఫోన్ చేశాను. అక్క సాబ్ మాట చెప్పి, ఏడ్చి, ఫోన్ పెట్టేసింది. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. స్టవ్ తుడిచాను, మళ్ళీ వెలిగించాను, మిగిలిన చాయ్ మరిగించి గ్లాసులో వడపోశాను. ఇలాచీ వాసన వచ్చింది. గ్లాసు పట్టుకుని నడిచాను. గడప దగ్గరికి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. తెరుచుకుంటుందా అని నేను అడగనే లేదు. అక్క చెప్పనే లేదు.

పాప వీపు నా వైపు ఉంది. గ్లాసు కోసం ఎడమ చెయ్యి పక్కకు చాచింది.

వెనక నుంచి మేనేజర్ సార్ వచ్చారు. "ఏందమ్మా, చాయ్ అయ్యింది కద. ఆగినవేంది?"

"జల్దీ నక్కో సార్" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. "అక్క ఇంక చెప్పలె."

ఆయన నా ముఖం చూశారు.  "పాపా, చెయ్యి తియ్యి. అక్క ఇంక చెప్పలేదంట" అన్నారు.

పాప రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నేను గ్లాసు తీసుకుపోయి మిషిన్ మీద పెట్టి, మళ్ళీ ఫోన్ చేశాను.

"అక్కా, ఏడువకు. ఒక్క మాట చెప్పు. తెరుచుకుంటుందా?"

అక్క ముక్కు తుడుచుకున్న చప్పుడు వినబడింది. "చూస్తున్న... చక్రం తిరుగుతుందే. ఇంక తిరుగుతుంది. లేదే."

"లేదట" అన్నాను గదిలోకి చూసి. పాప కదల్లేదు. మేనేజర్ సార్ కదల్లేదు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. మిషిన్ మీద చాయ్ చల్లారిపోతోంది. ఎవరూ తొందర పెట్టలేదు.

"ఆగు" అంది అక్క. "ఆ... తెరుచుకుంది. ఇప్పుడు తెరుచుకుంది. ఏం చేసిన్రే?"

ఎవరమూ ఏమీ చేయలేదు. గడువు అయిపోయింది. పాతది వాపస్ వచ్చింది. సాబ్ రాసి పెట్టి పోయిన కాయిదా అది.